పలకరిస్తే పడని ఫొటో

ఆ రోజుల్లో ఫొటో దిగడమంటే తల దువ్వుకుని, ఊపిరి బిగబట్టి, ఉన్నంతలో పెద్దమనిషిలా కనబడాలని పడే పాటు. ఇప్పుడు మా మనవరాలు నేను ఆవులిస్తుంటే ఫోనులో టకటకా తీసేస్తుంది, నచ్చకపోతే తుడిచేస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క ఫొటో కోసం నేనెంత నష్టపోయానో దానికేం తెలుసు! కుదరబోయిన పెళ్లినే పోగొట్టుకున్నవాణ్ణి నేను.

అప్పుడు నేను ఖమ్మంలో ఒక స్టూడియోలో కొత్తగా పనికి కుదిరాను. లారీనే కెమెరాగా చేసుకుని పాత గుళ్లూ కోటలూ తీస్తూ తిరిగే ఒక సారు పట్నం నుంచి వస్తే, మా ఓనరు నన్ను ఆయన వెంట పంపాడు. ఆ కెమెరా సినిమా హాలంత ఉండేది. (సరే, హాలంత కాదు. పినపాక అడవిలో వెదురు మోసిన పాత లారీ డబ్బా. లోపల నిలబడితే నా తల పైకప్పుకు తగిలేది, నేనేమో అంత పొడుగూ కాదు.) సందు లేకుండా లోపలంతా నల్లగుడ్డ కొట్టి, ఒక పక్క రేకుకు చిన్న చిల్లు పొడిచారు. బయటి వెలుగు ఆ చిల్లులోంచి దూరి, ఎదుటి గోడకు బిగించిన మంచమంత కాగితం మీద బొమ్మగా పడుతుంది. చిక్కల్లా ఒకటే. బొమ్మ పడడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టేది. (అంత కాదులెండి, నింపాదిగా భోంచేసి ఒక చుట్ట కాల్చేంతసేపు.) ఆ సేపంతా కదలకుండా ఉన్నదే కాగితం మీద పడుతుంది. కదిలింది గాలిలో కలిసిపోతుంది.

కుసుమంచిలో పాత శివాలయం తీసే రోజు వచ్చింది. ఆ ఊళ్లోనే నాకు వరసకు మామ ఉన్నాడు. ఆయన కూతురిని నాకిమ్మని మావాళ్లు అడిగి ఉన్నారు. మామ తల ఊపాలి, పిల్ల సరే అనాలి. నా దర్జా చూపించడానికి ఇదే అదను అనుకున్నాను.

"మామా, గుడి ముంగట నిలబడు. నీ ఫొటో పట్నంల గోడంత చేసి పెడ్తరు. కని కదలొద్దు" అని చెప్పి, సారును బతిమాలి నేనూ ఓ పక్క నిలబడ్డాను. సారు లారీలో దూరి చిల్లు మీది మూత తీశాడు.

మామ కదలకుండా ఉంటే కదా! "ఏం బావా, మిర్చి కోసిండ్రా?" అంటూ దారిన పోయేవాడికి ఎదురెళ్లాడు. "అవ్వా, గింత ఎండల పోతున్నవ్, జర కూసో" అని ఓ ముసలమ్మ చేతిసంచి అందుకున్నాడు. చర్చి నుంచి వస్తున్న పాస్టరుగారికి దండం పెట్టి మలుపు దాకా సాగనంపాడు. తిరిగొచ్చి నా ముందు ఆగాడు.

"అల్లుడా, చాయ్ తాగుతవా?"

నేను కన్నార్పలేదు.

"గిట్ల బిగుసుకపోయినవేంది పిలగా? పాణం మంచిగున్నదా?"

నేను పలకలేదు. శాస్త్రం కోసం పలకలేదు!

కొన్నాళ్లకు సారు ఫొటో పంపితే, గొప్పగా మామ ఇంటికి పట్టుకెళ్లాను. గుడి రాయి రాయీ పడింది. పక్కన పడుకున్న బర్రె పడింది. చొక్కా ఇస్త్రీ మడతతో సహా నేను పడ్డాను. మామ లేడు.

"ఏందిరా ఇది? బర్రె పడ్డది, నువ్వు పడ్డవ్, నేనేడున్న? నన్ను తీసేయించి నువ్వు జొర్రినవా?"

"కదిలితే పడరు మామా!"

"మనుషులొస్తుంటే కదలకుండ ఎట్లుంటరురా? నేనేమన్న గుంజనా?"

తలుపు వెనక నుంచి ఆయన కూతురు వచ్చింది. ఫొటో చూసింది, నన్ను చూసింది. "మా నాయన పలకరిస్తే నోరు తెరవనోడు ఈడ మాత్రం మంచిగ పడ్డడు. నాకు గిసొంటి ఫొటో వద్దు, గిసొంటి మొగుడూ వద్దు" అని లోపలికి పోయింది.

ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది. చెప్పినట్టు నిలబడ్డవాడు పొగరుబోతు, మాట వినకుండా అటూ ఇటూ తిరిగినవాడు మంచివాడు! ఇదేం న్యాయం? అలా పోయింది నా పెళ్లి. (పూర్తిగా పోలేదు లెండి. నెల తిరక్కుండా నేనే మళ్లీ కుసుమంచి వెళ్లి, బస్సు దిగిన దగ్గర నుంచి మామ ఇంటి దాకా కనబడ్డ ప్రతివాళ్లనూ పలకరించుకుంటూ నడిచాను. నాకంటే ముందే కబురు ఆ ఇల్లు చేరింది. "ఇగ చాలు తియ్యి, లోపటికి రా" అంది ఆ పిల్ల గడపలో నిలబడి. పాలకని వెళ్లి, దారిలో ముచ్చట్లు పెట్టుకుని పొద్దెక్కాక వస్తున్నానని ఇప్పుడు రోజూ అరిచేది ఆమే.)

మామ ఇప్పుడు లేడు, ఫొటోలోనూ లేడు. అది మా ఇంటి గోడకే ఉంది. పొద్దున్నే పాలగిన్నె పట్టుకుని బయల్దేరేముందు, అందులో బిగుసుకుని నిలబడ్డ కుర్రాణ్ణి ఒకసారి చూస్తాను. "చాయ్ తాగుతనని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేదిరా?" అంటాను.

వాడు ఇప్పటికీ పలకడు.