పళ్ల మధ్య స్క్రూడ్రైవర్

మా అన్నయ్య కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. చిన్నప్పుడు మెట్ల మీంచి రెండుసార్లు దొర్లిపడ్డా ఒక్క ఎముకా విరగలేదు. "వీడివి ఉక్కు ఎముకలే!" అని అమ్మ మురిసిపోయేది. పుట్టుకతో అతుక్కుని ఉన్న అతని రెండు వేళ్లను డాక్టర్లు కోసి విడదీశారు. ఆ రెంటికీ సంబంధం ఉందేమోనని ఆలోచించే తెలివి మాలో ఎవరికి ఏడిచింది?

రెండేళ్ల కిందట నేను ఫోన్ చేస్తే ఎత్తి కూడా పలకడం మానేశాడు. "హలో, హలో" అని గొంతు చించుకుని, ఒళ్లు మండి పెట్టేసేదాన్ని. దుకాణం మూసేసి మా ఇంట్లో ఉండమన్నందుకు అలిగాడనుకున్నాను. పౌరుషం నాకు మాత్రం లేదా? వెళ్లడం మానేశాను.

మొన్న పక్క దుకాణం దర్జీ ఫోన్ చేశాడు. "మీ అన్నయ్యకి అస్సలు వినపడట్లేదమ్మా. నేనే డాక్టరుకి చూపించాను." ముందు ఆ డాక్టరు దగ్గరికే పరిగెత్తాను.

ఎముకను పెరగమనే సంకేతాలు అందరి ఒంట్లోనూ ఉంటాయట. వాటికి అడ్డుపడి, ఇక చాలనే ప్రొటీన్ ఒకటుంటుందట. అన్నయ్య ఒంట్లో అది పుట్టుకతోనే లేదు. అందుకే వేళ్లు అతుక్కున్నాయి, ఎముకలు బండబారాయి. ఇప్పుడు పుర్రె మందమై చెవుల్ని మూసేస్తోంది. ఎముకలు గుల్లబారిన నాలాంటి వాళ్లకేమో అదే ప్రొటీన్‌ను ఆపే ఇంజెక్షన్ ఇస్తారట. విడ్డూరం కాదూ!

"చెవుల దగ్గర ఎముకను తొలిచి చూస్తాం. మళ్లీ పెరగదని మాత్రం చెప్పలేం" అన్నాడు డాక్టరు.

దుకాణంలో అడుగుపెట్టినా అన్నయ్య తలెత్తలేదు. స్క్రూడ్రైవర్ చెక్కపిడిని పళ్లతో కరిచి, మొనను మిషన్‌కు ఆనించి చక్రం తిప్పుతున్నాడు. పిడి నిండా పంటిగాట్లే. వెనక గదిలో ఒక కంచం, ఒక గ్లాసు ఉన్నాయి.

"అలాగైతే ఎముకలోంచి చప్పుడు తెలుస్తుందట" అన్నాడు వెంట వచ్చిన దర్జీ. "మిషన్ల మాటే ఆయనకి వినపడేది. మనుషుల మాట లేదు."

నేను వెళ్లి ఆ మొనను లాగి నా దవడకు ఆనించుకున్నాను. "ఏంటన్నయ్యా, ఫోనెత్తి పలకవేం?" అని అరిచాను.

ఉలిక్కిపడ్డాడు. పిడి నోట్లోంచి జారింది.

"వినపడట్లేదంటే దుకాణం మూయించి తీసుకుపోతావని భయమేసిందే" అన్నాడు. "నీ పేరు కనపడగానే ఎత్తేవాణ్ణి. నువ్వు పెట్టేసేదాకా చెవి దగ్గర పెట్టుకుని కూర్చునేవాణ్ణి."

నాకు ఏడుపు ఆగలేదు. అన్నయ్య కింద పడిన స్క్రూడ్రైవర్ తీసి, మొనను చొక్కాకు తుడిచి నా చేతికిచ్చాడు.

"ఏదీ, ఇంకోసారి పిలువు" అని పిడి కరిచిపట్టుకున్నాడు.