రెండు వేళ్ల సందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తిండికి కొదవ ఉండేదేమో గానీ తాళ్లకు మాత్రం ఉండేది కాదు. మా జేజినాయన, అంటే మా నాన్నను కన్న తండ్రి, ఎండాకాలం చేలో పని లేని రోజుల్లో జనుము నార ముందర వేసుకుని అరుగు మీద కూర్చుని తాళ్లు పేనేవాడు. పశువుల మెడకు పలుపులు, బావిలో కడవ దించే చేంతాళ్లు, బండి మీద బస్తాలు బిగించే మోకులు. ఎమ్మిగనూరుకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న మా ఊళ్లో ఆయన పేనిన తాడు లేని ఇల్లు లేదు. అడిగిన వాళ్లందరికీ ఇచ్చేసేవాడు, ఎందుకని ఎన్నడూ అడిగేవాడు కాదు.

ఆయన దగ్గర కూర్చుని నార అందించడం నా పని. దూడను కట్టడం కూడా ఆయనే నేర్పాడు. పలుపు ముడి వేశాక తాడుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూర్చి చూడాలి. దూరకపోతే విప్పి మళ్లీ కట్టాలి. నేను తొందరపడి బిగించి పరుగెత్తితే వెనక్కి పిలిచి, నా వేళ్లే పట్టుకుని ఆ సందులో పెట్టించేవాడు. ఇంకో పని కూడా నాదే. నులక మంచం వదులైతే సాయంత్రం పూట చెంబుతో నీళ్లు చల్లేదాన్ని. నార తడిస్తే బిగుసుకుంటుంది, తెల్లారేసరికి మంచం గట్టిగా ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసి ఉండి కూడా ఆ పని ఎలా చేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. బుద్ధి గడ్డి తిన్నదంటారే, అదే అయి ఉంటుంది.

అప్పటికి వరుసగా రెండేళ్లు వానలు లేవు. జొన్నలు అడుగంటాయి. అయినా ప్రతి ఇంట్లో ఒక మూల విత్తనపు శెనగకాయల మూట ఉండేది. పస్తులైనా ఉంటారు గానీ దాన్ని ఎవరూ విప్పరు. అది తింటే వచ్చే ఏడాది లేదు. మేము పిల్లలం ఆ మూట మీద చేయి వేసినా వీపు పగిలేది. అలాంటిది, వైశాఖ మాసంలో ఒక తెల్లవారుజామున మా కొట్టంలోంచే ఆ మూట పోయింది.

దొంగ దూరం పోలేదు. చేలకు పోయే వాళ్లు ఊరి పొలిమేరలో పట్టుకున్నారు. ఎండు పుల్లలాంటి మనిషి. నెత్తిన మా మూటే ఉంది. నా చిన్నప్పుడే మా నాన్న పోవడంతో ఇంట్లో మగదిక్కు జేజినాయన, చిన్నాన్న. జేజినాయన గొడ్లకు పత్తిచెక్క తెస్తానని తొలి బస్సుకే ఆదోనికి పోయి ఉన్నాడు. చిన్నాన్నే ఆ మనిషిని చావడి ముందరికి తెచ్చి, రాతి స్తంభానికి ఆనించి, చేతులు రెండూ ముందుకు చేర్చి మోకుతో కట్టాడు. కొత్త మోకు, వారం కిందట జేజినాయన పేనింది. నార అందించింది నేను. ఒకతన్ని సైకిలు మీద పోలీసులను పిలుచుకుని రమ్మని ఎమ్మిగనూరుకు పంపారు.

పోలీసులు వచ్చేదాకా ఊరంతా అక్కడే. వచ్చిన ప్రతివాడూ ఒక దెబ్బ వేసి పోవడమే. అందరూ మంచివాళ్లే, అదే బాధ. పక్కింట్లో పొయ్యి వెలగకపోతే తమ సంగటి ముద్దలో సగం తీసి ఇచ్చే మనుషులు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందంటారు, జాలి కూడా అంతే. మాకు పాలు పోసే ముసలామె సైతం చెప్పు తీసి కొట్టింది. నేను ఆ గుంపులో దూరి చూస్తున్నాను. నవ్వాను కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి?

పొద్దు నడినెత్తికి వచ్చింది. మా పడమటి ఎండలు తెలిసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మనిషి పెదాలు ఎండి తెల్లబడ్డాయి. "నీళ్లు, నీళ్లు" అంటున్నాడు. ఇంటికి పరుగెత్తి కుండలో చల్లని నీళ్లు చెంబుతో ముంచుకుని వచ్చాను. మునివేళ్ల మీద లేచి నోటికి అందించబోతుంటే చిన్నాన్న నా మోచేయి పట్టుకున్నాడు.

"నోట్లో కాదు పాపా, చేతుల మీద పొయ్యి. ఎండకు కాలుతాండాయి పాపం వానికి. సల్లగా ఉంటాది."

జనం గొల్లున నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తెలియలేదు. ఆ మనిషి మాత్రం నా వైపు చూసి, "వద్దు తల్లీ, చేతుల మీద వద్దు" అన్నాడు. మొహమాటానికి అంటున్నాడనుకున్నాను. ఇంటికొచ్చిన చుట్టం అన్నం వద్దంటే మనం వింటామా, అలాగ. పోశాను. మళ్లీ పోయి తెచ్చి పోశాను. మూడు చెంబులు. అతను కళ్లు మూసుకున్నాడు. చల్లగా, హాయిగా ఉండి మూసుకున్నాడనుకున్నాను. ఊళ్లో ఎవరూ చేయని మంచిపని నేనొక్కదాన్నే చేశానని పొంగిపోతూ ఇంటికి వెళ్లి సంగటి తిని పడుకున్నాను. ఆ కడుపునిండిన నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడు గంటల వేళ జేజినాయన గొంతు వినిపించి లేచాను. ఆయన చెక్క బస్తాతో చావడి దగ్గరే ఆగిపోయాడు. నేను పోయేసరికి ఆ మనిషి మణికట్టు దగ్గర తాడుకూ చేతికీ మధ్య వేలు దూర్చడానికి చూస్తున్నాడు. రెండు వేళ్లు కాదు, ఒక్క వేలి గోరు కూడా పట్టలేదు. చేతులు ఉబ్బి, నేరేడుపండు రంగుకు తిరిగాయి. తాడు కండలోకి దిగిపోయింది.

"తాడు తడిపింది ఎవురు?" అన్నాడు జేజినాయన.

చిన్నాన్న నేల చూపులు చూస్తున్నాడు. నేనే ముందుకు వచ్చి, "నేనే జేజినాయనా, సల్లగా ఉంటాదని" అన్నాను. మెచ్చుకుంటాడనే అన్నాను. ఆయన నా వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు కింద నాకు మా నులక మంచం గుర్తుకొచ్చింది. అయ్యో! ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది.

ముడి విప్పాలే గానీ తాడు తెంపకూడదని మాకు రోజూ చెప్పే మనిషి ఆయన. తెగిన తాడు చూస్తే ప్రాణం పోయినట్టు బాధపడేవాడు. ఆ రోజు నడుముకున్న చాకు తీసి, చర్మం తెగకుండా ఒక్కొక్క పేటే కోసి, తన కొత్త మోకును తానే తెంపాడు. చిన్నాన్నకు రోషం వచ్చింది.

"అవి మన ఇత్తనాలు నాయనా! ఏడాది బతుకు ఎత్తుకపోతాంటే వాన్ని ముద్దు పెట్టుకోమంటావా?"

"ముద్దు పెట్టుకోమని ఎవురన్నార్రా? పోలీసోళ్లకు పట్టియ్యి. సాక్ష్యానికి నేనే వస్తా. అయితే కట్టేసిన గొడ్డు తానుగా పోయి నీళ్లు తాగదు. కట్టినోడే తాపల్ల. కట్టినంతసేపు దాని పానం మన చేతుల్లో ఉంటాది. మనిషిని గొడ్డు మాదిరన్నా సూడకపోతే మనమేందిరా?"

"పారిపోతే?" అన్నారెవరో.

"పక్కన నేను కూర్చుంటా" అన్నాడు, కూర్చున్నాడు కూడా. ఆ మాటతో గుంపు మెల్లగా పలచబడింది. కొందరు గొణుక్కుంటూ పోయారు. చెప్పుతో కొట్టిన ముసలామె మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పోయింది.

జేజినాయన నన్ను మళ్లీ నీళ్లు తెమ్మన్నాడు. తెచ్చి చెంబు ఇచ్చాను. ఆ మనిషి రెండు చేతులా అందుకోబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. చెంబు జారి కిందపడింది. మళ్లీ తెచ్చి ఈసారి నేనే పట్టుకుని తాగించాను. కొన్ని నీళ్లు అతని గడ్డం మీదుగా కారాయి. తర్వాత మా జేజి, మా నాయనమ్మ, మజ్జిగలో సంగటి పిసికి పంపింది. జేజినాయన తన చేత్తో ఆ మనిషికి తినిపించాడు. మా విత్తనాలు దొంగిలించిన వాడికి మా ఇంటి సంగటి!

తింటూ అతను తన సంగతి చెప్పాడు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే కూలి. నూలు రాక మూడు నెలలుగా మగ్గం ఆగింది. ఇద్దరు పిల్లలు. "ఇత్తనాలని తెలిసే తీసినానప్పా. తెలియక కాదు" అన్నాడు. జేజినాయన అతని చేతులు తన ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తూ ఉండిపోయాడు.

పొద్దు వాలే వేళకు ఇద్దరు పోలీసులు వచ్చారు. అతను తానే లేచి చేతులు చాపాడు. బేడీలు తీసిన పెద్దాయన ఆ చేతులు చూసి, "ఏమయింది వీటికి?" అని అడిగాడు. మా ఊరంతా మూగబోయింది. అతను కూడా చెప్పలేదు. పోలీసాయన కాసేపు మమ్మల్నందరినీ చూసి, బేడీలు మళ్లీ నడుముకే తగిలించుకుని, భుజం మీద చేయి వేసి నడిపించుకుపోయాడు. దొంగను పట్టుకుపోయే పోలీసుకు మాకంటే ఎక్కువ జాలి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

అతనికి మూడు నెలల శిక్ష పడింది. జేజినాయన చెప్పినట్టే వెళ్లి సాక్ష్యం చెప్పాడు. మూట పోయింది, దొరికింది, ఈ మనిషే. అంతవరకే చెప్పి ఊరుకోలేదు, చేతుల సంగతి కూడా చెప్పాడని చిన్నాన్న ఏడాది పాటు తండ్రితో సరిగా మాట్లాడలేదు.

మరుసటి సంక్రాంతి దాటాక, ఒక రోజు జేజినాయన నన్ను ఎమ్మిగనూరు తీసుకుపోయాడు. ఎందుకో చెప్పలేదు. మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాం. మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తున్నది అతని భార్య. అతను గడప మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేయి కొంచెం తిరుగుతోంది. కుడిచేతి వేళ్లు సగం ముడుచుకుని అలాగే ఉండిపోయాయి.

"పోగు సేతిలో ఉందో లేదో తెలీదప్పా. కంటితో సూసుకుంటేనే తెలుస్తాది" అన్నాడు. నేతగాడు అలా అంటే ఇంకేం మిగిలింది? తెగిన పోగులు అతికేది అతని కూతురు. నా ఈడు పిల్ల. బడి మానిపించారట. అది తల ఎత్తకుండా గబగబా పోగులు ముడి వేస్తోంది. నేను నా పలక సంచీ భుజాన తగిలించుకుని వచ్చాను, ఎందుకు తగిలించుకున్నానో! దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. "నీళ్లు పోసింది నేనే" అన్నాను.

అతను నా వైపు తిరిగాడు. "తెలుసు తల్లీ. మొదట నోటికే తెచ్చినావు. అది గూడా గుర్తుంది" అన్నాడు.

అది క్షమించడమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాటకు నా మనసు తేలిక పడలేదు. మేము తెచ్చిన జొన్నల మూట ఆ పిల్ల వచ్చి లోపల పెట్టుకుంది. మళ్లీ పోయి పోగుల దగ్గర కూర్చుంది.

తిరుగు బస్సులో జేజినాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "కోర్టు మూడు నెలలేసింది పాపా. మనం సచ్చేదాంకా ఏసినాం" అన్నాడు. ఆ విషయం గురించి ఆయన నాతో అన్నది అంతే. ఆ తర్వాత కూడా తాళ్లు పేనాడు, చేతిలో పని ఎక్కడికి పోతుంది? అయితే ఎవరైనా తాడు అడిగితే, "దేన్ని కట్టేదానికి?" అని అడిగి గానీ ఇచ్చేవాడు కాదు. ముసలోడికి చాదస్తం వచ్చిందని ఊరు నవ్వుకుంది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మొన్న మా మనవడు సెల్‌ఫోన్ తెచ్చి ఒక వీడియో చూపించాడు. ఏ ఊరో తెలియదు. ఒక కుర్రాణ్ణి కరెంటు స్తంభానికి కట్టారు, చుట్టూ జనం, నవ్వులు, ఒకడు సీసాతో వాడి మీద నీళ్లు పోస్తున్నాడు. "దొంగ అవ్వా!" అని మావాడు కూడా నవ్వాడు. "వాని సేతులు యాడుండాయి? సేతులు సూపించు" అన్నాను. వీడియోలో చేతులు కనిపించలేదు, వెనక్కి కట్టేశారు. నేను అరిచిన అరుపుకు వాడు బిత్తరపోయి ఫోన్ మూసేశాడు. వాణ్ణి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. నవ్వింది వాడొక్కడే కాదని, వాళ్ల అవ్వ కూడా ఒకప్పుడు నవ్వి వచ్చిందేనని దాచకుండా చెప్పాను.

మా ఇంట్లో ఇప్పుడొక బర్రెదూడ ఉంది. సాయంత్రం దాన్ని నేనే కడతాను. ముడి వేశాక అలవాటుగా రెండు వేళ్లు దూర్చి చూస్తాను. కీళ్లవాతంతో నా వేళ్లు లావెక్కి వంకర తిరిగాయి, మామూలు సందులో పట్టవు. అందుకని ఇంకాస్త వదులుగా కడతాను. ఈ నెలలో అది రెండుసార్లు పలుపు జార్చుకుని పోయిందని కోడలు విసుక్కుంటోంది. విసుక్కోనీ. పోయిన దూడనైతే వెతికి తెచ్చుకోవచ్చు.