నడుమెత్తు స్పీకర్లు

ఆమె పేరు నేను అడగలేదు. ఇళ్ళలో క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులవి. అనంతపురంలో బస్సెక్కినప్పుడు నేను కొన్న నడుమెత్తు స్పీకర్ల పెట్టెలు రెండూ సీట్ల మధ్యే నిలబెట్టాల్సి వచ్చింది. పక్క సీటులోని ముసలామె వాటిని కిందినుంచి పైదాకా చూసింది.

"మైకుసెట్టు బాడిగకిస్తావామ్మా? మా ఊర్లో జాతర ఉండాది."

"లేదవ్వా, ఇంట్లోకే. పాటలకీ, సినిమాలకీ."

"ఇంత పెద్దవా! ఇంట్లో అందరికీ చెవుడా?"

బస్సంతా నవ్వింది. నేను తగ్గలేదు. అంగడాయన చిన్నవే అంటగట్టబోయాడు. వాటిలో మృదంగం ఎడమచేతి దెబ్బ, శబ్దం బాగా పెంచితే తప్ప వినిపించలేదు. వీటిలో మెల్లగా పెట్టినా ఆ దెబ్బ నా అరికాళ్ళకు తెలిసింది.

"గట్టిగా వినేదానికి కాదవ్వా. మెల్లగా పెట్టినా అంతా వినపడాలని."

"మెల్లగా వినేదానికి ఇంత పెట్టెనా!" అని ఆమె గొణిగింది. అంతలో బస్సు గుంతలో పడింది. ఆమె దగ్గరున్న పెట్టెను రెండు చేతులా వాటేసుకుంది. గార్లదిన్నె వచ్చేదాకా వదల్లేదు. దిగేటప్పుడు కూడా, పక్కన నిలబడ్డ ఒకాయన చేతులు దానిమీద పెట్టించి గానీ కదల్లేదు.

"గట్టిగా పట్టుకోప్పా. చెవులు బాగుండేటోళ్ళవి ఇవి."

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ ఆ స్పీకర్ల ఎత్తు చూసి, పాట మొదలుకాకముందే చెవులు మూసుకోబోతారు. నేను శబ్దం ఇంకాస్త తగ్గిస్తాను. కాసేపటికి వాళ్ళ చేతులు కిందికి దిగుతాయి, కుర్చీలు ముందుకు జరుగుతాయి.