జీవరత్నం చెవి

జీవరత్నానికి ఇంగ్లీషు రాదు గానీ, క్యాసెట్ కూత వింటే చాలు, ఆట ఎక్కుద్దో ఎక్కదో చెప్పేసేవాడు.

తొంభైల్లో విజయవాడలో ఒక కంప్యూటర్ స్కూల్లో ప్యూనుగా చేశాడు. అప్పట్లో అక్కడ కంప్యూటరంటే టీవీకి తగిలించే మీటల పలక, అంతే. ఆటలు క్యాసెట్లో ఉండేవి. టేప్‌రికార్డర్లో పెట్టి నొక్కితే పాట రాదు, కీచుమని ఒకటే కూత. అయిదు నిమిషాలు ఆ కూత వింటే గానీ కంప్యూటరుకి ఆట ఎక్కేది కాదు. మధ్యలో కాస్త బొంగురుపోయిందా, మళ్ళీ మొదటికే. మావాడు పక్కన కూచుని, సన్న స్క్రూడ్రైవరుతో టేప్ హెడ్డు పిసరంత తిప్పి కూత సరిచేసేవాడు. మేష్టర్లకే చేతకాని పని అది. స్కూలు మూసేసి సామాను పారేస్తుంటే ఇరవై రెండు క్యాసెట్లు ఏరుకుని కొండపల్లిలో ఇంటికి పట్టుకుపోయాడు. బూజు పట్టకుండా బియ్యం డబ్బాలో పెట్టాడు.

తర్వాత నాతోపాటు హమాలీ పనికొచ్చాడు. బెంజ్ సర్కిల్ దగ్గర బసవపున్నయ్యగారి కంప్యూటర్ షాపులో లారీ దించడం, పెట్టెలు మేడెక్కించడం మా పని. మానిటర్ పెట్టెకి గాజు ఉన్న వైపే బరువంతా. రెండువేల మూడులో వాడికి నడుం పట్టేసింది. వెన్నుపూస అరిగింది, బరువు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ముట్టుకోకపోతే ఇల్లెట్లా గడుస్తది? గాజు వైపు నేను పట్టుకునేవాణ్ణి, తేలిక వైపు వాడు.

ఆ ఏడే ఓనరుగారికో ఆలోచన వచ్చింది. మేడ మీద ఆయనకి నెట్ సెంటరుంది. ఆ స్కూల్లో చదివినోళ్ళు ఉద్యోగస్తులయ్యి అక్కడికొస్తా, వాళ్ళ మేష్టర్లు రాసిన ఆటలు అడుగుతున్నారంట. నెట్లో ఎక్కడా దొరకవంట. పాత కంప్యూటరులాగా నటించే ప్రోగ్రాము ఉందని, దాన్ని ఎమ్యులేటరంటారని, కౌంటర్లో పనిచేసే భానుశ్రీ చెప్పింది. ఇక ఆటలే కావాలి. జీవరత్నం బియ్యం డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఇరవై రెండూ ఆడించు. ఆ మూల కుర్చీ నీదే. ఇక లారీ దగ్గరికి పోనక్కర్లేదు" అన్నాడు ఓనరు.

మూడు వారాలు పట్టింది. టేప్‌రికార్డరు వైరు కంప్యూటరు మైకు బొక్కలో పెట్టారు. పాత మిషన్లలో ఇది ఏ రకమో, ఏ మీటకి బొమ్మ ఎటు కదలాలో భానుశ్రీ ఒక్కొక్కటే మార్చి చూసేది. వీడు కళ్ళు మూసుకుని వినేవాడు. మొదటి వారం ఒక్కటీ ఎక్కలేదు. టేపు వేగం తగ్గిందని చెవితోనే పట్టి, లోపల బెల్టు మార్చాడు. అక్కణ్ణుంచి ఒకదాని వెనక ఒకటి ఎక్కినయ్. వాళ్ళావిడ ఎలిజబెత్ కొత్త చొక్కా కొనిపెట్టింది, కుర్చీ ఉద్యోగమని.

ఒకటే ఇబ్బంది. ఆ కూతకి నెట్‌కొచ్చినోళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. ఓనరు మొహం చిట్లించడం వీడు చూశాడు. కుర్చీ పోద్దేమోనని గుబులు పట్టుకుంది. భానుశ్రీని అడిగాడు, గోల లేకుండా చెయ్యొచ్చా అని.

"చెయ్యొచ్చు బాబాయ్. కూత ఎటూ కంప్యూటర్లో రికార్డు చేసి దాచాం కదా. ఇక్కడ టిక్కు పెడితే చప్పుడు లేకుండా చిటికెలో ఎక్కుద్ది. కానీ..." అని ఆగింది ఆ పిల్ల.

ఆ కానీ ఏంటో వీడు అడగలేదు. మౌసు తనే పట్టుకుని, ఇరవై రెండు ఆటలకీ తన చేత్తోనే టిక్కులు పెట్టాడు.

మర్నాడు ఓనరుగార్ని పిలిచి చూపించాడు. ఆయనే కూచుని ఒకటి నొక్కాడు. వచ్చింది. ఇంకోటి నొక్కాడు. అదీ వచ్చింది.

"బాగుంది. మరి ఇక్కడ నువ్వేం చేస్తావు జీవరత్నం?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. వీడు నవ్వి, ఏదైనా పాడైతే క్యాసెట్లున్నాయి కదండీ, మళ్ళీ ఎక్కిస్తానన్నాడు. ఓనరు భానుశ్రీ వైపు తిరిగి, సీడీలో కాపీ తీశావా అని అడిగాడు. ఆ పిల్ల తల దించుకుని, తీశానండి అంది.

"అయితే ఆ కుర్చీ కస్టమర్లకి వెయ్యి. లారీ వచ్చింది, నువ్వు పో జీవరత్నం."

ఆ మూడు వారాలూ వాచ్‌మన్‌ని సాయం పెట్టుకుని మోశాను నేను. ఆ ముసలాయన పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే. భుజాలు పుండ్లయినయ్. కొత్త చొక్కాతో మెట్లు దిగొస్తున్న జీవరత్నాన్ని చూస్తే జాలెయ్యాలి. నాకు కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు?

"రావయ్యా కంప్యూటర్ సారూ, కుర్చీ దిగావా?" అన్నాను. లారీ వాళ్ళు నవ్వారు.

వాడు బియ్యం డబ్బా గోడ వారగా పెట్టి, అలవాటుగా పెట్టె తేలిక వైపుకొచ్చాడు. అప్పటికే అక్కడ నేనున్నాను. కదల్లేదు.

ఓసారి నా మొహం చూసి, గాజు వైపుకెళ్ళి వంగాడు.