తాంబూలం అందేదాకా

మొన్న కంకిపాడులో ఒక పెళ్ళికి వెళ్ళాను. మాకు చుట్టాలేం కారు, ఎదురింటివాళ్ళు, పిలిచారు కదా అని మోకాళ్ళు పట్టుకుని బయల్దేరాను. పెళ్ళికొడుకు కారు దిగడం, హారతి పట్టడం అయ్యాక జనమంతా చల్లగా ఉన్న హాల్లోకి తోసుకుపోయారు గానీ, వాకిట్లో ఎనిమిది మంది బ్యాండు మేళం వాళ్ళు మాత్రం చెమటలు కక్కుతూ ఇంకా వాయిస్తూనే ఉన్నారు. ఎవరికండీ ఈ వాయింపు, ఇంక ఆపరేంటి అని నా పక్కనున్నాయన నవ్వాడు. నాకు మాత్రం బ్యాండు మాస్టారు మా మామూ గుర్తొచ్చాడు.

మన వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు, పిల్లలకైతే చెప్పాలి. మా రోజుల్లో మేళం మొదలుపెట్టేది బ్యాండు మాస్టారే అయినా ఆపేది పెళ్ళివారు. ఊరేగింపు విడిది చేరాక వాళ్ళ తరఫున ఒక పెద్దమనిషి పళ్ళెంలో రెండు తమలపాకులు, వక్క, ఒక పండు పెట్టుకుని వచ్చి మాస్టారి చేతికి అందించాలి, ఆయన కళ్ళకద్దుకోవాలి, అక్కడితో ఆ పని పూర్తయినట్టు. అంతదాకా వాన రానీ, కరెంటు పోనీ, ఊదుతూనే ఉండాలి. మధ్యలో ఆపితే శుభకార్యానికి మేమే అడ్డు చెప్పినట్టని మా మామూ అనేవాడు, ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూస్తే ఎదురు చెప్పాలనిపించేది కాదు.

మామూ అంటే మా అమ్మ అన్న. గవర్నర్‌పేటలో లాడ్జీల వెనక సందులో ఆయన బ్యాండు షాపు ఉండేది. మా నాన్న చనిపోయిన ఏడాది మామూ నన్ను అక్కడికి తీసుకెళ్ళి మెడలో చిన్న డ్రమ్ము తగిలించి, ఇకనుంచి ఇదే నీకు అన్నం పెడుతుందిరా అన్నాడు. నలభై ఏళ్ళు పెట్టింది కూడా. మహా కోపిష్ఠి మనిషి, కోటు బొత్తం ఒకటి ఊడినా వీధిలో నిలబెట్టి కడిగేసేవాడు, అయితే తాను అన్నం ముందు కూర్చునే వేళకి మా పదిమందీ తిన్నామో లేదో అడక్కుండా ముద్ద ఎత్తేవాడు కాదు. నమాజు తప్పని మనిషే గుణదల తిరునాళ్ళలో మేరీమాత పాట ఎత్తుకుంటే కొండెక్కుతున్న ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు.

అక్కడే ఒక విదేశీ ఆవిడ ఆయన క్లారినెట్టు విన్నది. వాళ్ళ దేశంలో ఏటా జరిగే సంగీతోత్సవానికి రకరకాల దేశాల బ్యాండ్లు వస్తాయని, ముఖ్యంగా జాజ్ అనే సంగీతం వాయించే పెద్ద పెద్ద బ్యాండ్లు వస్తాయని, మీరూ రావాలని పట్టుబట్టింది. ఏలూరు దాటి ఎరగని మేము పదకొండు మందిమి పాస్‌పోర్టుల కోసం తిరిగాం. పుట్టినరోజు ఎవరికీ తెలియకపోవడంతో ఆ కాగితాలు రాసిపెట్టినాయన అందరికీ ఒకే తేదీ వేసేశాడు, ఆ లెక్కన మామూ, నేను, పెద్ద డ్రమ్ము తాతయ్య అందరం ఒకే రోజున పుట్టిన వాళ్ళం.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, బయల్దేరే ముందు ముమానీ, అంటే మామూ భార్య, నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరకి వేసింది. మామూ ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయని, ఏకబిగిన అరగంట ఊదితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడట. బ్యాండులో ఎవరికీ తెలియకూడదని మామూ ఒట్టు వేయించుకున్నాడట. తడిగుడ్డలో చుట్టిన తమలపాకుల కట్ట నా చేతిలో పెట్టి, ఆయనకిస్తే ఒక్క రోజులో నమిలేస్తాడు, నీ దగ్గరుంచు, ఆయన్నీ నీ దగ్గరుంచు అన్నది. సరే అన్నాను. ఆ సరే ఎంత బరువో అక్కడికి వెళ్ళాక గానీ తెలియలేదు.

ఆ ఊరు చిన్నదే, నదీ అదీ ఉంది, మన కృష్ణ ముందు కాలవతో సమానం. మధ్యాహ్నం మైదానంలో వేదిక, ఎర్ర కోట్లు, జరీ పట్టీలు, టోపీలతో మేము ఎక్కగానే జనం చప్పట్లు కొట్టారు. మాకిచ్చింది ఇరవై నిమిషాలు. టైము అవగానే వేదిక ముందు ఎర్ర దీపం వెలుగుతుందని వాళ్ళు చెప్పే ఉంటారు, వాళ్ళ భాష మాకెక్కడ అర్థమైంది గనక. దీపం వెలిగింది. పెళ్ళిపందిరికి సీరియల్ బల్బులు కట్టే ఊరి నుంచి వచ్చిన వాళ్ళం, అదీ అలంకారమే అనుకున్నాం. మామూ మాత్రం ఊదుతూ ఊదుతూ జనంలోకి చూస్తున్నాడు. తాంబూలం తెచ్చే పెద్దమనిషి కోసం వెతుకుతున్నాడని మా పదిమందికీ తెలుసు. అది తెలియని ఆ ఊరివాళ్ళు మర్యాదకి పోయి ఒక్కరూ లేవలేదు.

మా తర్వాత వాయించాల్సిన జాజ్ బ్యాండు వాళ్ళు ఇరవై మంది, నల్ల కోట్లతో, మెరిసే శాక్సోఫోన్లతో పక్కనే నిలబడి ఉన్నారు. పాపం వాళ్ళు విసుక్కోలేదు సరికదా, ఇంతసేపు వాయిస్తున్నారంటే మమ్మల్నీ రమ్మంటున్నారు కాబోలనుకుని, మామూ పాట చివరని పట్టుకుని మెల్లగా అందుకున్నారు. మా బెజవాడలో నాలుగు రోడ్ల కూడలిలో రెండు మేళాలు ఎదురుపడితే ఏమవుతుందో మీకు తెలుసు కదా, ముందు ఆపినవాడు ఓడినట్టు. మామూ కళ్ళు వెలిగాయి. ఒక అడుగు ముందుకేసి ఇంకో పాట ఎత్తుకున్నాడు.

అంత గొప్పగా ఆయన వాయించడం నేను ముందెప్పుడూ వినలేదు. అందరూ లేచి నిలబడ్డారు. నాకొక్కడికే భయం పట్టుకుంది, ఎందుకంటే పాట మలుపుల్లో ఆయన ఊపిరి అందక తెగిపోతోంది, అది వినపడకుండా నా డ్రమ్ము మోతతో పూడుస్తున్నాను. అరగంట ఎప్పుడో దాటిపోయింది. మెడ నరాలు ఉబ్బి పెదవులు నల్లబడ్డాయి. నేను డ్రమ్ము ఆపేస్తే అంతమంది ముందు మాస్టారి పరువు తీసినట్టు, ఆపకపోతే ముమానీకి ఏం ముఖం పెట్టుకుని చెప్పను? ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, పుల్లలు కింద పెట్టేశాను. పెద్ద డ్రమ్ము తాతయ్య ఒక్కడే తాళం పట్టుకున్నాడు. నేను నా టోపీ తీసి పళ్ళెంలా వెల్లకిలా పట్టుకుని, జేబులో వాడిపోయి ఉన్న రెండు తమలపాకులు, పొద్దున వాళ్ళు తినమనిచ్చిన ఆపిలు అందులో పెట్టి, వేదిక దిగి, పెళ్ళివారు వచ్చినట్టు జనంలోంచి నడిచి వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

మామూ నా కళ్ళలోకి చాలాసేపు చూశాడు. ఆ పాట పూర్తి చేసి, ఆకులు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. చప్పట్ల హోరులో ఎవరికీ ఏమీ తెలియలేదు. తెర వెనక కుర్చీలో కూలబడి, ఊపిరి కుదుటపడ్డాక అడిగాడు.

"తాంబూలం తెచ్చావే, ఎవరి తరఫురా నువ్వు? పెళ్ళికొడుకు తరఫా, పెళ్ళికూతురు తరఫా?"

"ముమానీ తరఫు, మామూ."

ఆయన ఒక ఆకు చించి సగం నాకిచ్చి, సగం తాను నోట్లో వేసుకున్నాడు.

తిరిగొచ్చాక ఆయన క్లారినెట్టు పెదవులకి ఆనించలేదు. తాంబూలం పుచ్చుకున్నాక మళ్ళీ ఊదేదేముందిరా అన్నాడు, కోపం లేకుండానే అన్నాడు, అదే నన్ను ఇన్నేళ్ళూ పొడుస్తూ వచ్చింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు. ఆ తొమ్మిదేళ్ళూ నువ్విచ్చినవే నాయనా అని ముమానీ పోయేదాకా చెప్పింది. షాపు గడప మీద కూర్చుని, వీధిలో ఏ మేళం వెళ్ళినా మోకాలి మీద వేళ్ళు ఆడిస్తూ ఉండే మామూని చూసినప్పుడల్లా, ఇచ్చింది నేనే, లాక్కున్నదీ నేనే అనిపించేది.

మొన్న కంకిపాడులో ఇక చూడలేకపోయాను. వంటవాళ్ళనడిగి పళ్ళెం, ఆకులు, వక్క, అరటిపండు తెచ్చి ఆ మాస్టారికి అందించాను. నా ఈడువాడే. కళ్ళకద్దుకుని మేళం ఆపించి, ఈ మధ్య ఇలా ఎవరూ తేవట్లేదండీ, తమరు ఏ తరఫు అని అడిగాడు. ఏ తరఫని చెప్పను? మీ తరఫేనండీ అన్నాను. హాల్లో ఎవరో మీట నొక్కగానే స్పీకర్లలో పాట మొదలైంది, మళ్ళీ నొక్కితే ఆగిపోతుంది, దానికి ఊపిరి ఆడుతోందో లేదో చూడాల్సిన అవసరం ఎవరికీ లేదు. మేమిద్దరం మాత్రం ఆ వాకిట్లో గోడవారగా కూర్చుని, ఒక ఆకు చెరిసగం చేసుకున్నాం.