చివరి పేజీలో త్రికోణం

2009 వేసవి. కాలిఫోర్నియాలో సియెర్రా కొండల కింద, ఒకప్పుడు బంగారం కోసం జనం ఎగబడ్డ చిన్న ఊరు. గనులు మూతపడి చాలాకాలమైంది. మెయిన్ స్ట్రీట్ మీది రెండు గదుల లైబ్రరీ మాత్రం ఇంకా తెరిచే ఉంది. దానికి నూరేళ్లు నిండుతున్నాయని ఊరివాళ్లు ఉత్సవం తలపెట్టి, ప్రదర్శన కోసం పాత పుస్తకాలు బాగుచెయ్యమని నన్ను పిలిచారు. పుస్తకాల మరమ్మతు నా వృత్తి. ఫోల్సమ్‌లోని మా ఇంటినుంచి రోజూ గంట డ్రైవ్.

నాకు శుభ్రం పిచ్చి కాస్త ఎక్కువే. మొదటి వారమంతా సర్ఫేస్ క్లీనింగ్ చేశాను. అంటే కాగితం మీది దుమ్మూ మరకలూ మెత్తటి రబ్బరుతో తుడవడం. దాదాపు ప్రతి పుస్తకం చివరి పేజీలోనూ పెన్సిల్ బొమ్మలున్నాయి: సున్నా, చేప, నక్షత్రం. దేన్నైనా చెరిపేముందు ఫోటో తియ్యాలన్నది మాకు నేర్పే మొదటి పాఠం. పిల్లల పిచ్చిగీతలకు ఫోటోలేమిటని విసుక్కుని, అన్నీ చెరిపేశాను. రెండు అరల పుస్తకాలు తళతళలాడాయి. నా పనికి నేనే మురిసిపోయాను.

శుక్రవారం మార్జొరీ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, ఆ లైబ్రరీలో వాలంటీర్. ఒక పుస్తకం తీసి నేరుగా చివరి పేజీ తిప్పింది.

"ఇక్కడ త్రికోణం ఉండాలే?"

"పెన్సిల్‌తో గీసిందా? నేనే చెరిపాను" అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. "అది మా నాన్న గుర్తు. ఆయన గనిలో పనిచేసేవాడు, పెద్దయ్యాక ఈ బల్ల దగ్గరే చదవడం నేర్చుకున్నాడు. చదివిన పుస్తకమే మళ్లీ తీసుకెళ్లకుండా ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో బొమ్మ వేసుకునేవాళ్లు. మా ఇల్లు కాలిపోయింది. ఈ పుస్తకాల్లో తప్ప ఆయన చేతి గీత ఇంకెక్కడా లేదు. ప్రదర్శనలో అదే పెడదామనుకున్నాను."

చేతిలోని రబ్బరు బల్ల మీద పెట్టేశాను. "నీ తప్పు కాదు, హనీ. ఊళ్లో అందరికీ తెలుసు కదా అని నీకెవరూ చెప్పలేదు" అంది. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పుకున్నాను. "ప్రొసీజర్ ఫాలో అయ్యావు కదా, ఎందుకంత గిల్టీగా ఫీలవుతావ్?" అన్నాడు.

"అవ్వలేదు శ్రీధర్. ఫోటోలు స్కిప్ చేశాను."

"అయితే వెళ్లి ఇంకేదైనా ట్రై చెయ్. ఇక్కడ కూర్చుని ఏడిస్తే తిరిగొస్తుందా?"

సోమవారం కిటికీ తెరలు వేసి, రేకింగ్ లైట్ పెట్టాను. దీపాన్ని కాగితం పక్కనుంచి ఏటవాలుగా వేస్తే, రంగు పోయినా పెన్సిల్ నొక్కిన గాడి నీడగా కనిపిస్తుంది. మార్జొరీ పక్కనే కూర్చుంది. శుక్రవారం ఆమె తీసిన దానితో సహా ఎనిమిది పుస్తకాల్లో గాడి కూడా నా రబ్బరుకు చదునైపోయింది. తొమ్మిదో దానిలో లోతుగా, మూడు గీతలు.

ఆమెకు చూపు సరిగా ఆనలేదు. వేలు పట్టుకుని దాని మీద పెట్టాను. "తగులుతోంది!" అంది. "సుత్తి పట్టిన చెయ్యి కదా, పెన్సిల్‌నీ అలాగే నొక్కేవాడు." నవ్వుతూనే ఏడ్చేసింది. నేనూ ఆగలేకపోయాను.

ఉత్సవం రోజున ఆ పేజీ తెరిచి, పక్కన దీపం పెట్టాం. వచ్చినవాళ్లందరి వేలూ పట్టుకుని మార్జొరీ ఆ గాడి చూపిస్తుంటే, 'ముట్టుకోరాదు' అన్న అట్టను నేనే తీసేశాను.

బరువైన చెయ్యి కాబట్టి ఆయన దొరికాడు. తేలికగా గీసిన చేప, సున్నా, నక్షత్రం ఎంత వెతికినా దొరకలేదు. అవి ఎవరివో మార్జొరీకీ తెలియదు, నాకూ ఎప్పటికీ తెలియదు. అప్పటినుంచి ఏ ఊరు వెళ్లినా, రబ్బరు పట్టుకునేముందు అక్కడి పెద్దవాళ్లను ఒకరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. "ఇది ఎవరిదండీ?" అని పేజీ పేజీకీ అడుగుతాను.