గంజి పెట్టే వేళ గాలి

1982లో ఆదోనిలోని ఒక కాలేజీలో గణితశాఖ అధిపతిగా ఉన్నాను. అగ్నిపర్వతం కక్కిన బూడిద గాలిలో ఎంత దూరం పోయి ఎక్కడ రాలుతుందో సమీకరణాలతో అంచనా కట్టడం నా పరిశోధన. గాలిలో సాగే ఆ బూడిద తోకను ‘ప్లూమ్’ అంటాం. చుట్టుపక్కల ఆ లెక్క తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, మస్తాన్ లెక్చరరుగా చేరేదాకా.

జిన్నింగ్ మిల్లు హమాలీ కొడుకు. నా దగ్గరే చదివాడు. నాకు రెండు రోజులు పట్టే లెక్క బోర్డు ముందు నిలబడే తేల్చేవాడు. విద్యార్థులు నన్ను చూసి లేచి నిలబడేవారు. అతని క్లాసులో ముందు బెంచీల కోసం తోసుకునేవారు.

ఎమ్మిగనూరులో ఒక నూనె మిల్లు వేరుసెనగ బుడ్డల పొట్టు కాల్చేది. ఆ బూడిద మగ్గానికెక్కించే తమ నూలు పడుగుల మీద పడుతోందని నేతగాళ్లు, పడటం లేదని మిల్లువాళ్లు. పొగగొట్టం ఎత్తు పెంచాలా వద్దా మీరే తేల్చమని అధికారులు నన్ను అడిగారు.

ఆ ఊళ్లో మా ఇంటికి మిగిలినవి రెండు గదులు, ఒక అరుగు. మా తాత ఊరి పెద్దగా నేతగాళ్ల మాట ఆ అరుగు మీదే వినేవాడు. నేనూ పెద్ద నేతగాడు ఈరన్నను అక్కడికే పిలిపించి మిల్లుకు వాళ్ల వీధి ఎంత దూరమో రాసుకున్నాను. మధ్యాహ్నపు గాలి కొలిచి లెక్క కట్టాను. బూడిద వీధులు దాటి చేలల్లో పడుతుందని తేలింది.

మస్తాన్ నా కాగితం చూశాడు.

“సార్, ఇది యా పూట లెక్క?”

“గాలి ఉన్న పూటది.”

“వాళ్లు తెల్లారకముందే వీధిలో పడుగు సాపి గంజి పెడతారు సార్. నాలుగు పొద్దులు ఆడే కూసుని సూసినా. అప్పుడు పొగ పైకే పోదు.”

ఆ వేళ నేల చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. దాన్ని ‘ఇన్వర్షన్’ అంటాం. పొగకు మూత పెట్టినట్టే. గాలి కదలక బూడిద దగ్గర్లోనే రాలుతుంది. అతని లెక్కలో అది సరిగ్గా ఈరన్న వీధిలో పడింది.

తప్పు దొరక్కపోతుందా అని ఆ కాగితం మూడు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. దొరకలేదు. మూడో రోజు నేను ఎమ్మిగనూరు వెళ్తే ఈరన్న మసి మచ్చల పడుగు తెచ్చి అరుగు మీద పరిచాడు.

“నిన్న తెల్లారి పెట్టిన గంజి సామీ. ఉతికితే గంజి పోతాది, ఉతక్కుంటే మసి పోదు. ఏం సేయమంటావు?”

నేను ఒక మచ్చను గోటితో గీరి చూశాను.

“మస్తాను సారు మా వీధికొచ్చినాడు. నువ్వే రాలేదు.”

నా నివేదిక చించేసి మస్తాన్ లెక్కనే, అతని సంతకంతోనే పంపాను. గొట్టం ఎత్తు పెరిగింది. వీధివాళ్లు అతనికి తాము నేసిన పంచె పెట్టారు. నన్నూ పిలిచారు, వెళ్లలేదు.

గాలిని కొలిచే ముందు, ఆ గాలి కింద ఎవరు ఏ వేళ ఏం చేస్తున్నారో వెళ్లి చూడాలి. రిటైరయ్యేదాకా ప్రతి క్లాసుకూ ఈ పాఠం చెప్పాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.